కొలతలో అనిశ్చితి: భారత మహా త్రికోణమితి సర్వే చరిత్ర నేర్పే పాఠం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• దోషానికి, అనిశ్చితికి గల తేడాను వివరించగలుగుతారు.
• యాదృచ్ఛిక దోషం, క్రమబద్ధ దోషం కొలతను వేర్వేరుగా ఎలా ప్రభావితం చేస్తాయో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• రెండు కొలతల మధ్య కనిపించిన తేడా పట్టించుకోవలసినదో కాదో నిర్ణయించగలుగుతారు.
• ఎవరెస్టు శిఖరం ఎత్తు లెక్కను ఆధారంగా తీసుకొని అనిశ్చితిని అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

మీరు ప్రయోగశాలలో స్క్రూగేజితో ఒక తీగ వ్యాసాన్ని కొలిచి, రికార్డు పుస్తకంలో 0.46 మిల్లీమీటర్లు అని రాసి ఉంటారు. దాని పక్కన 'అటూ ఇటూ 0.01' అని కూడా రాయాలని అధ్యాపకులు చెప్పినప్పుడు, అది మార్కుల కోసం పాటించే లాంఛనంగా మీకు తోచి ఉండవచ్చు. ఈ భాగంలో మనం ఆ రెండో అంకె చరిత్రను చదువుతాం. ఆ అంకె లేకపోతే మొదటి అంకెకు అర్థమే ఉండదని ఈ చరిత్ర చూపిస్తుంది.

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 371 మైళ్ళు. రెండు వేర్వేరు పద్ధతులతో ఆ దూరాన్ని నిర్ణయిస్తే జవాబుల మధ్య దాదాపు 530 అడుగుల తేడా వచ్చింది. ఇది పెద్ద తేడానా, చిన్న తేడానా? 371 మైళ్ళలో 530 అడుగులు ఏపాటివి అని ఒకరు అనవచ్చు. అంత తేడా ఎలా వచ్చిందని మరొకరు అడగవచ్చు. తేడాను మాత్రమే చూసి ఈ వివాదాన్ని తీర్చలేం. ఆ కొలతలు ఎంతవరకు నమ్మదగినవో ముందుగా తెలియాలి. 19వ శతాబ్దంలో మన దేశంలో నిజంగానే ఈ ప్రశ్న తలెత్తింది. దానికి దొరికిన జవాబు పర్వతాల కింద భూమి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి దారితీసింది.

ముందుకు వెళ్ళే ముందు రెండు పదాలను స్పష్టం చేసుకుందాం. కొలిచిన విలువకు, అసలు విలువకు మధ్య ఉన్న తేడా దోషం. అసలు విలువ మనకు తెలియదు కాబట్టి దోషం ఎంతో కచ్చితంగా ఎప్పుడూ తెలియదు. అసలు విలువ ఏ హద్దుల మధ్య ఉండవచ్చునని మనం సకారణంగా నమ్ముతామో ఆ హద్దుల విస్తృతిని తెలిపేది అనిశ్చితి. దోషం మనకు కనిపించకుండా దాగి ఉంటుంది. అనిశ్చితిని మనమే అంచనా వేసి బయటికి చెప్పాలి.

2. మద్రాసు మైదానంలో గొలుసు (1802)

1799లో శ్రీరంగపట్నం పతనమైన తరువాత, దక్షిణ భారతాన్ని తీరం నుంచి తీరం దాకా శాస్త్రీయంగా కొలవాలని విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి ప్రతిపాదించాడు. 1802 ఏప్రిల్ 10న మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర అతడి బృందం ఆధార రేఖ కొలత మొదలుపెట్టింది. దాని పొడవు సుమారు ఏడున్నర మైళ్ళు, అంటే దాదాపు 40,000 అడుగులు. సాధనం 100 అడుగుల ఉక్కు గొలుసు. దాన్ని 400 సార్లు వరుసగా పరచి కొలిచారు. ఆ పనికి 57 రోజులు పట్టింది.

ఏడున్నర మైళ్ళకు 57 రోజులా అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. గొలుసును నేల మీద ఈడ్చలేదు. ముక్కాలి పీటల మీద నిలిపిన చెక్క పెట్టెల్లో పరచి, బిగువుగా లాగి, మట్టం సరిచూసి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి ఉష్ణోగ్రత రాసుకునేవారు. ఇంత శ్రమకు కారణం ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది.

ఉక్కు ఒక్క సెల్సియస్ డిగ్రీ వేడెక్కితే తన పొడవులో పది లక్షలకు సుమారు 11.5 వంతులు పెరుగుతుంది. 40,000 అడుగుల రేఖకు ఇది 0.46 అడుగు, అంటే సుమారు 5.5 అంగుళాలు. మద్రాసు వేసవిలో తెల్లవారుజాముకు, మధ్యాహ్నానికి 10 డిగ్రీల తేడా ఉంటే, దాన్ని పట్టించుకోని కొలతలో నాలుగున్నర అడుగుల దోషం చేరుతుంది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. గొలుసు ఉష్ణోగ్రత తెలిస్తే వ్యాకోచాన్ని లెక్కకట్టి తీసివేయవచ్చు. అది సవరణ. అయితే ఉష్ణమాపకం చూపింది గొలుసు వేడినా, పెట్టెలోని గాలి వేడినా? ఆ రెంటికీ ఒక డిగ్రీ తేడా ఉండవచ్చునన్న సందేహం మిగిలితే, సవరణ చేసిన తరువాత కూడా 5.5 అంగుళాల సందేహం మిగులుతుంది. అది అనిశ్చితి. సవరణ తెలిసిన దోషాన్ని తొలగిస్తుంది. సవరణలో మనకు తెలియకుండా మిగిలిన భాగాన్ని అనిశ్చితి చెబుతుంది.

ఇంకో లెక్క చూద్దాం. గొలుసు పరిచిన ప్రతిసారీ కొనను గుర్తించడంలో అంగుళంలో నూరో వంతు దోషం వస్తుందనుకుందాం. అది ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వచ్చే యాదృచ్ఛిక దోషమైతే, కొంత మేరకు ఒకదాన్ని మరొకటి రద్దు చేసుకుంటాయి. 400 సార్ల తరువాత మొత్తం 400 రెట్లు కాక, 400 వర్గమూలం రెట్లు, అంటే 20 రెట్లు మాత్రమే పెరుగుతుంది. ఫలితం అంగుళంలో ఐదో వంతు. కానీ గొలుసే అరిగి నూరో వంతు అంగుళం సాగి ఉంటే, ఆ దోషం ప్రతిసారీ ఒకే దిశలో చేరి 4 అంగుళాలు అవుతుంది. అది క్రమబద్ధ దోషం. ఎన్నిసార్లు కొలిచినా అది తగ్గదు. అందుకే లాంబ్టన్ కొలతకు వాడని మరో గొలుసును ప్రమాణంగా భద్రపరచి, వాడుకలో ఉన్న గొలుసును దానితో పోల్చి చూసేవాడు. నేడు మన ప్రయోగశాలల్లో పరికరాలకు చేయించే క్రమాంకనం సారాంశం కూడా ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
ఒక దుకాణంలో బట్ట కొలిచే మీటరు బద్ద కొన అరిగి 2 మిల్లీమీటర్లు పొట్టిదైంది. దానితో 25 మీటర్ల బట్ట కొలిచారు. (అ) ఇది ఏ రకమైన దోషం? (ఆ) మొత్తం బట్టలో ఎంత తేడా వస్తుంది?

3. త్రికోణాలు, తనిఖీలు

దేశమంతా గొలుసు పరచడం సాధ్యం కాదు. త్రికోణీకరణ పద్ధతిలో ఒక్క భుజం పొడవు కొలిచి, మిగిలినవన్నీ కోణాల ద్వారా లెక్కకడతారు. లాంబ్టన్ వాడిన పెద్ద థియోడొలైట్ బరువు అర టన్ను దాకా ఉండేది. కోణాలు చదివే దాని వృత్తం వ్యాసం 36 అంగుళాలు. 1808లో తంజావూరు ఆలయ గోపురం మీదికి దాన్ని ఎక్కిస్తుండగా తాడు తెగి, అది గోడకు కొట్టుకొని వృత్తం వంగిపోయింది. లాంబ్టన్ దాదాపు ఆరు వారాలు కూర్చొని దాన్ని స్వయంగా సరిచేశాడు.

అలా బాగుచేసిన పరికరం ఇచ్చే కోణాలను ఎంతవరకు నమ్మాలి? కోణాలను మళ్ళీ మళ్ళీ చదివితే అవి ఒకదానితో ఒకటి ఏకీభవించవచ్చు. కానీ వృత్తమే వంగి ఉంటే, ప్రతిసారీ ఒకే తప్పు చదువుతాం. అందువల్ల వేరే దారిలో తనిఖీ అవసరం. ఆ తనిఖీ ఇలా జరిగేది: త్రికోణాల వరుస చివర మరో ఆధార రేఖను నేల మీద నేరుగా కొలుస్తారు. మొదటి రేఖ నుంచి లెక్కకట్టిన పొడవుతో దాన్ని పోలుస్తారు. 1804లో బెంగళూరు దగ్గర ఇలా చూసినప్పుడు, ఏడు మైళ్ళు దాటిన రేఖలో తేడా నాలుగు అంగుళాల లోపే వచ్చింది. తరువాత 1811లో నేటి అనంతపురం జిల్లాలోని గుత్తి దగ్గర, 1815లో బీదరు దగ్గర ఆధార రేఖలు కొలిచారు. ఉత్తరానికి సాగిన ఈ త్రికోణాల వరుసకు 'మహా చాపం' అని పేరు.

1818లో జార్జి ఎవరెస్టు హైదరాబాదులో లాంబ్టన్ దగ్గర చేరాడు. మరుసటి సంవత్సరం కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తుండగా అతడూ, బృందమంతా జ్వరాల పాలయ్యారు. పలువురు చనిపోయారు. 1823లో హైదరాబాదు నుంచి నాగపూరు వైపు వెళ్తూ హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ మరణించాడు. పుస్తకాల్లో రెండు పేర్లే మిగిలినా, ఈ కొలతలను మోసినవారు వందలాది కూలీలు, దీపాలు పట్టినవారు, గణకులు. వారి శ్రమ నమ్మదగిన ఫలితం ఇచ్చిందా లేదా అన్నది కాగితం మీది అనిశ్చితి లెక్కతోనే తేలాలి.

లాంబ్టన్ బాధ్యతలు తీసుకున్న ఎవరెస్టు గొలుసులను నమ్మలేకపోయాడు. ఇంగ్లండు వెళ్ళి 1830లో తిరిగివచ్చేటప్పుడు కొత్త దండాలను వెంట తెచ్చాడు. ఇనుము, ఇత్తడి దండాలను జతచేసి, వేడికి రెండూ వేర్వేరుగా వ్యాకోచించినా కొనల మీది గుర్తుల మధ్య దూరం మారకుండా వాటిని అమర్చారు. ఉష్ణోగ్రత కొలిచి సవరణ చేయడానికి బదులు, ఉష్ణోగ్రత ప్రభావాన్నే పరికరంలో అణచివేశారన్నమాట. వృత్తం మీది గీతల్లో ఉండే లోపాన్ని పలచబరచడానికి, ప్రతి కోణాన్నీ వృత్తం మీద వేర్వేరు చోట్ల మొదలుపెట్టి చదివి సగటు తీసేవాడు.

ఫలితం చూడండి. మధ్య భారతంలోని సిరోంజి ఆధార రేఖ నుంచి దాదాపు 400 మైళ్ళ త్రికోణాల మీదుగా లెక్కకట్టిన దేహ్రాదూన్ ఆధార రేఖ పొడవుకు, అక్కడ నేరుగా కొలిచిన పొడవుకు తేడా 7.2 అంగుళాలు. ఆ రేఖ పొడవు 39,000 అడుగుల పైచిలుకు. అంటే సుమారు 65,000లో ఒక వంతు. ఈ నిష్పత్తిని గుర్తుంచుకోండి. తరువాతి వాదమంతా దీని మీదే నిలుస్తుంది.

4. మిగిలిన 5.236 సెకన్లు

భూమి మీద రెండు చోట్ల అక్షాంశాల తేడాను రెండు విధాలుగా కనుక్కోవచ్చు. ఒకటి, త్రికోణాల ద్వారా దూరం కొలిచి భూమి ఆకారం సాయంతో అక్షాంశాల తేడాను లెక్కకట్టడం. రెండోది, ఆ రెండు చోట్ల నుంచి ఒకే నక్షత్రాలను గమనించి నడినెత్తి బిందువు నుంచి వాటి కోణాలు చదవడం. 1839–41 మధ్య ఎవరెస్టు, అతడి సహాయకుడు ఆండ్రూ వా వేర్వేరు కేంద్రాల నుంచి ఏకకాలంలో ఇలా పరిశీలించారు.

ఢిల్లీకి ఉత్తరాన, హిమాలయాలకు దగ్గరగా ఉన్న కలియానా ఒక కేంద్రం. మాళవ ప్రాంతంలో సిరోంజి దగ్గరి కలియాన్‌పూర్ రెండోది. వాటి అక్షాంశాల తేడా ఇలా వచ్చింది:

త్రికోణాల ప్రకారం: 5 డిగ్రీల 23 నిమిషాల 42.294 సెకన్లు
నక్షత్రాల ప్రకారం: 5 డిగ్రీల 23 నిమిషాల 37.058 సెకన్లు
తేడా: 5.236 సెకన్లు

అక్షాంశంలో ఒక సెకను అంటే నేల మీద సుమారు 101 అడుగులు. కాబట్టి ఈ తేడా దాదాపు 530 అడుగులు. మనం మొదట్లో వేసుకున్న ప్రశ్న ఇదే.

ఎవరెస్టు దీన్ని త్రికోణాల వరుసలో పేరుకున్న దోషంగా భావించాడు. ఈ వివరణను మనం ఇప్పుడు పరీక్షిద్దాం. త్రికోణాల పనితనం 65,000లో ఒక వంతు అని ఆధార రేఖల తనిఖీ చెప్పింది. 371 మైళ్ళు అంటే సుమారు 19,59,000 అడుగులు. దాన్ని 65,000తో భాగిస్తే దాదాపు 30 అడుగులు. ఇది స్థూలమైన అంచనాయే. దాన్ని రెట్టింపు చేసినా 60 అడుగులు. కనిపించిన తేడా 530 అడుగులు. కొలత అనిశ్చితి దీన్ని మోయలేదు. కాబట్టి కారణం త్రికోణాల్లో కాక మరెక్కడో ఉండాలి.

కలకత్తాలో ఆర్చ్‌డీకన్‌గా పనిచేస్తున్న గణితజ్ఞుడు జాన్ హెన్రీ ప్రాట్ ఆ వివరణతో తృప్తిపడలేదు. నక్షత్రాలను చూసేటప్పుడు నడినెత్తి దిశను నిర్ణయించేది గురుత్వాకర్షణ. తాపీమేస్త్రీ గోడ నిటారు చూడటానికి వేలాడదీసే గుండుదారాన్ని ఊహించుకోండి. దగ్గర్లో పెద్ద పర్వతరాశి ఉంటే అది గుండును తనవైపు కొద్దిగా లాగుతుంది. కలియానా హిమాలయాలకు దగ్గర కాబట్టి అక్కడ గుండు ఉత్తరానికి ఎక్కువగా ఒరుగుతుంది. కలియాన్‌పూర్‌లో తక్కువగా ఒరుగుతుంది. ఆ తేడాయే 5.236 సెకన్లు కావచ్చు.

1855లో అచ్చయిన తన వ్యాసంలో ప్రాట్ హిమాలయాల ఆకర్షణను లెక్కకట్టాడు. కలియానాలో గుండు 27.853 సెకన్లు, కలియాన్‌పూర్‌లో 11.968 సెకన్లు ఒరగాలని తేలింది. వాటి తేడా 15.885 సెకన్లు. పరిశీలనలో కనిపించింది అందులో మూడో వంతు మాత్రమే. తేడా ఎందుకు వచ్చిందని మొదలైన వెతుకులాట, తేడా ఇంత తక్కువగా ఎందుకుందన్న ప్రశ్న దగ్గర ఆగింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. 15.885 అన్న అంకెలోని మూడు దశాంశ స్థానాలను చూసి అది అంత ఖచ్చితమైనదని అనుకోకండి. ఆనాటికి హిమాలయాల ఆవలి భూభాగాల ఎత్తు సరిగా తెలియదు, శిలల సాంద్రతను ఊహించుకున్నారు. ఆ దశాంశాలు గుణకార భాగహారాల్లో పుట్టినవి. మీరు క్యాలిక్యులేటర్ చూపిన ఎనిమిది అంకెలనూ రికార్డులో రాసినప్పుడు జరిగేదీ ఇదే. అయినా ప్రాట్ లెక్కలోని అనిశ్చితి ఎంత పెద్దదనుకున్నా, 15 సెకన్లను 5 సెకన్లకు దించాలంటే హిమాలయ ద్రవ్యరాశిలో మూడింట రెండు వంతులు లేవనుకోవాలి. అది కుదరదు. అందుకే ఈ రెండో తేడా కూడా నిజమైన తేడాగానే నిలిచింది.

అదే సంవత్సరం బ్రిటన్ రాజ ఖగోళశాస్త్రజ్ఞుడు జార్జి ఎయిరీ ఒక వివరణ ఇచ్చాడు. నీటి మీద తేలే దుంగల్లో పైకి ఎక్కువ ఎత్తు తేలేది కిందికి కూడా ఎక్కువ లోతు మునిగి ఉంటుంది. అలాగే పర్వతాల కింద తేలికైన పదార్థం, బరువైన లోపలి పొరలోకి వేళ్ళలా దిగి ఉంటుంది. పైన అదనంగా ఉన్న ద్రవ్యరాశిని కింద ఉన్న లోటు చాలావరకు సరితూచడం వల్ల గుండు తక్కువగా ఒరుగుతుంది. ప్రాట్ తరువాత మరో రూపంలో ఇలాంటి సమతుల్యతనే ప్రతిపాదించాడు. భూవిజ్ఞానంలో దీన్నే సమస్థితి సిద్ధాంతం లేదా ఐసోస్టసీ అంటారు.

ఆ 530 అడుగులను కొలత దోషమని త్రికోణాలన్నిటికీ కొద్దికొద్దిగా పంచి సర్దేసి ఉంటే లెక్కలు చక్కగా కుదిరేవి. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ భూమి లోపలి నుంచి వచ్చిన సమాచారం ఆ సర్దుబాటు కింద పూడిపోయేది. ఆధార రేఖల తనిఖీ ద్వారా కొలత అనిశ్చితి తెలిసి ఉండటం వల్లనే ఆ ప్రమాదాన్ని గుర్తించడం సాధ్యమైంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
ఒకే నిరోధాన్ని ఇద్దరు విద్యార్థులు కొలిచారు. ఒకరికి 100.2 ఓములు, మరొకరికి 100.9 ఓములు వచ్చాయి. ఒక్కొక్కరి ప్రామాణిక అనిశ్చితి 0.5 ఓము. తేడాకు ప్రత్యేక కారణం వెతకాలా?

5. శిఖరం 15: ఏకీభవించిన కొలతలు, దాగిన దోషం

పైన మనం చూసినది సర్వే సాధించిన విజయం. ఇప్పుడు అదే సర్వేలో అనిశ్చితి మోసం చేసే తీరు చూద్దాం.

1849–50లో బీహారు మైదానాల నుంచి హిమాలయ శిఖరాలను పరిశీలించారు. నేపాలు లోపలికి అనుమతి లేదు కాబట్టి 'శిఖరం 15' అని పేరుపెట్టిన పర్వతాన్ని 108 నుంచి 119 మైళ్ళ దూరం నుంచే చూడవలసి వచ్చింది. ఆ లెక్కల్లో గణకుడు రాధానాథ్ సిక్దర్ పాత్ర ప్రసిద్ధం. ఆరు కేంద్రాల నుంచి వచ్చిన ఎత్తులు, అడుగుల్లో, ఇవి:

28,991.6
29,005.3
29,001.8
28,998.6
29,026.1
28,990.4

వీటి సగటు 29,002.3. 1856లో ఆండ్రూ వా 29,002 అడుగులు అని ప్రకటించి, ఆ శిఖరానికి ఎవరెస్టు పేరు పెట్టాడు. సగటు సరిగ్గా 29,000 వచ్చిందని, ఎవరూ నమ్మరేమోనని రెండు అడుగులు కలిపారని ఒక కథ ప్రచారంలో ఉంది. పై ఆరు అంకెలను మీరే కూడి ఆరుతో భాగించి చూడండి. ఆ కథతో పని లేదని తెలుస్తుంది.

ఇప్పుడు అనిశ్చితి లెక్కిద్దాం. సగటు నుంచి ఒక్కో విలువ ఎంత దూరంలో ఉందో చూస్తే: –10.7, 3.0, –0.5, –3.7, 23.8, –11.9. వీటి వర్గాల మొత్తం సుమారు 845. ఆరు కొలతలు కాబట్టి 5తో భాగిస్తే 169. దాని వర్గమూలం 13.0 అడుగులు. ఇది ప్రామాణిక విచలనం. సగటు యొక్క ప్రామాణిక అనిశ్చితి కోసం దీన్ని 6 వర్గమూలంతో భాగించాలి. వచ్చేది 5.3 అడుగులు.

వంద మైళ్ళ దూరం నుంచి చూసిన శిఖరానికి 5 అడుగుల అనిశ్చితి అంటే ఎంతో గొప్పగా కనిపిస్తుంది. అయితే 2020 డిసెంబరులో నేపాలు, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే సుమారు 29,032 అడుగులు. 1856 విలువకు, దీనికి తేడా 29 అడుగులకు పైగా ఉంది. మనం లెక్కించిన 5.3 అడుగులకు ఇది ఐదున్నర రెట్లు. పర్వతం ఏటా కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతోందనుకున్నా, ఇన్నేళ్ళలో చేరేది రెండు మూడు అడుగులే. అది ఈ తేడాను వివరించదు.

మరి లెక్క ఎక్కడ తప్పింది? కూడికలో తప్పు లేదు. ఆరు కేంద్రాలకూ ఉమ్మడిగా ఉన్న దోషాన్ని ఆ లెక్క చూడలేదు. దూరం నుంచి వచ్చే కాంతి కిరణం గాలి పొరల్లో వంగుతుంది. ఈ వక్రీభవనం వల్ల శిఖరం ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. 110 మైళ్ళ దూరానికి ఇందుకోసం తీసివేయవలసిన సవరణ సుమారు 1,200 అడుగులు. ఆ సవరణను నూటికి రెండు వంతులు ఎక్కువగా తీసివేసినా శిఖరం 24 అడుగులు పొట్టిదవుతుంది. ఆరు కేంద్రాలూ ఒకే దిక్కున, దాదాపు ఒకే దూరంలో, ఒకే రకమైన గాలి గుండా చూశాయి కాబట్టి అన్నీ కలిసికట్టుగా తప్పగలవు. వీటికితోడు, ప్రాట్ చెప్పిన గుండు ఒరుగుదల వల్ల ప్రతి కేంద్రంలోనూ మట్టం ఉత్తరానికి కొద్దిగా వాలి ఉంటుంది. కొలతలు ఒకదానితో ఒకటి ఏకీభవించినంత మాత్రాన అవి సత్యంతో ఏకీభవించినట్లు కాదు.

1952–54లో భారత సర్వే విభాగం నేపాలు లోపలి నుంచి, చాలా దగ్గరి కేంద్రాల నుంచి తిరిగి పరిశీలించి, వక్రీభవనాన్ని, గుండు ఒరుగుదలను వేర్వేరుగా లెక్కలోకి తీసుకొని 29,028 అడుగులని తేల్చింది. కొలతల సంఖ్యను మాత్రమే పెంచి ఉంటే ఆ ఫలితం వచ్చేది కాదు. దోషానికి మూలమైన దూరాన్ని తగ్గించడం వల్ల వచ్చింది.

6. లెక్క నుంచి నియమానికి

చెదిరిన కొలతల నుంచి ఉత్తమ విలువను తీసే కనిష్ఠ వర్గాల పద్ధతిని 1805లో లెజాండ్ర్ ప్రచురించాడు. 1809లో గౌస్ దానికి సంభావ్యత పునాది కల్పించాడు. ఈ పద్ధతులు యాదృచ్ఛిక దోషాన్ని చక్కగా పట్టుకుంటాయి. శిఖరం 15 విషయంలో మనం చేసిన ప్రామాణిక విచలనం లెక్క ఆ కోవకు చెందినదే. క్రమబద్ధ దోషం గురించిన సందేహాన్ని ఎలా చెప్పాలన్నది మాత్రం చాలాకాలం ఎవరి పద్ధతి వారిదిగా ఉండిపోయింది.

1977లో అంతర్జాతీయ తూనికలు కొలతల కమిటీ ఈ సమస్యను చేపట్టింది. 1980లో నిపుణుల బృందం సిఫార్సు చేసింది. 1993లో ఏడు అంతర్జాతీయ సంస్థల పేరిట ఒక మార్గదర్శక గ్రంథం వెలువడింది. ఇంజినీర్లు దాన్ని క్లుప్తంగా 'గమ్' అంటారు. నేడు క్రమాంకన ప్రయోగశాలలు ఇచ్చే ధ్రువపత్రాల్లోని అనిశ్చితి దాని ప్రకారమే లెక్కిస్తారు. అందులోని ముఖ్యమైన మెట్లు ఇవి:

(అ) ఫలితాన్ని ప్రభావితం చేసే ప్రతి కారణాన్నీ జాబితా రాయాలి. తెలిసిన దోషాలకు సవరణ చేయాలి.
(ఆ) పదేపదే కొలిచిన విలువల విస్తరణ నుంచి గణాంక పద్ధతిలో లెక్కించేది 'ఏ రకం' మూల్యాంకనం.
(ఇ) క్రమాంకన పత్రం, పదార్థ ధర్మాలు, పూర్వానుభవం వంటి ఇతర ఆధారాలతో అంచనా వేసేది 'బి రకం' మూల్యాంకనం.
(ఈ) రెండింటినీ ప్రామాణిక అనిశ్చితులుగా మార్చి, అవి పరస్పరం స్వతంత్రమైనవైతే, వాటి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి.
(ఉ) సాధారణంగా దాన్ని 2తో గుణించి, సుమారు 95 శాతం నమ్మకంతో హద్దులు చెప్పాలి.

ఈ మెట్లను శిఖరం 15కు వర్తింపజేద్దాం. ఏ రకం అనిశ్చితి 5.3 అడుగులు. వక్రీభవన సవరణ నూటికి రెండు వంతుల మేర సందేహాస్పదమని, ఉదాహరణ కోసం, అనుకుంటే బి రకం అనిశ్చితి 24 అడుగులు. వర్గాలను కూడితే 28 + 576 = 604. వర్గమూలం సుమారు 24.6. రెట్టింపు చేస్తే దాదాపు 49 అడుగులు. అప్పుడు ఫలితాన్ని '29,002 అడుగులు, అటూ ఇటూ 49 అడుగులు' అని రాస్తాం. నేటి విలువ 29,032 ఆ హద్దుల్లోనే ఉంది. 5.3తో చేరిక వల్ల 24 కాస్తా 24.6 అయిందంతే. అంటే మరో వంద పరిశీలనలు చేసి ఆ 5.3ను తగ్గించినా లాభం దాదాపు శూన్యం. శ్రమ ఎక్కడ పెట్టాలో కూడా అనిశ్చితి లెక్కే చెబుతుంది.

తక్కువ అనిశ్చితి రాస్తే గొప్ప, ఎక్కువ రాస్తే చిన్నతనం అనే భావన విద్యార్థుల్లో తరచుగా కనిపిస్తుంది. 49 అడుగులు అని రాసినవారి ఫలితం నూట అరవై ఏళ్ళ తరువాత కూడా తప్పు కాలేదు. 5 అడుగులని రాసి ఉంటే తప్పయ్యేది.

7. సారాంశం

కొలత అంటే విలువ, ప్రమాణం, అనిశ్చితి మూడూ కలిసినది. లాంబ్టన్ గొలుసు సవరణకు, అనిశ్చితికి తేడా చూపింది. ఆధార రేఖల తనిఖీ అనిశ్చితిని వేరే దారిలో పరీక్షించే పద్ధతి నేర్పింది. ఆ అనిశ్చితి తెలిసి ఉన్నందువల్ల 5.236 సెకన్ల తేడా పొరపాటుగా కొట్టివేయబడక, పర్వతాల వేళ్ళను గురించిన జ్ఞానమైంది. శిఖరం 15 లెక్క, కొలతల ఏకీభావాన్ని మాత్రమే నమ్మితే సందేహాన్ని తక్కువగా అంచనా వేస్తామని హెచ్చరించింది. ఇకమీదట రికార్డు పుస్తకంలో రెండో అంకె రాసేటప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి: నా కొలతలన్నీ కలిసికట్టుగా తప్పడానికి కారణం ఏదైనా ఉందా?

మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. (అ) క్రమబద్ధ దోషం. (ఆ) 25 × 2 = 50 మిల్లీమీటర్లు, అంటే 5 సెంటీమీటర్లు. కొనుగోలుదారుకు అంత బట్ట తక్కువ వస్తుంది.
2. తేడా 0.7 ఓము. తేడాలోని అనిశ్చితి 0.5 వర్గం, 0.5 వర్గం కూడి వర్గమూలం తీస్తే సుమారు 0.7 ఓము. తేడా దాని అనిశ్చితికి సమానంగానే ఉంది కాబట్టి ప్రత్యేక కారణం వెతకనక్కరలేదు.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. కలియానా, కలియాన్‌పూర్‌ల అక్షాంశాల తేడా సమస్యను వివరించి, అందులో అనిశ్చితి అంచనా పాత్రను చర్చించండి.
2. శిఖరం 15 ఎత్తు లెక్కలో ఏ రకం, బి రకం మూల్యాంకనాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. దోషం, సవరణ, అనిశ్చితి పదాల మధ్య తేడాలు రాయండి.
2. 400 సార్లు గొలుసు పరిచినప్పుడు యాదృచ్ఛిక, క్రమబద్ధ దోషాలు ఎలా పేరుకుంటాయి?
3. మీరు చేసిన ఏదైనా ఒక ప్రయోగాన్ని తీసుకొని, అందులో అన్ని కొలతలకూ ఉమ్మడిగా ఉండగల రెండు దోషాలను గుర్తించండి.